ముడి లేని అతుకు: లేసు అల్లికలో రంగుదారము మార్చు విధానము

గోదావరి డెల్టా పడమటి భాగమున నరసాపురము, పాలకొల్లు, మొగల్తూరు పరిసర గ్రామములలో మధ్యాహ్నపు వేళ అరుగులమీద కూర్చుండి లేసుపని చేయుచున్న స్త్రీలు కానవచ్చెదరు. వసిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున రాజోలు ప్రాంతమునందును ఈ పని కలదు. దీనికి మగ్గము అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. కొనయందు కొక్కెము గల సన్నని సూది యొకటి, నూలుదారపు ఉండ యొకటి ఉన్న చాలును. ఉచ్చులోనుండి ఉచ్చును లాగుచు, పువ్వులు, ఆకులు, వలకన్నులు అల్లి, బల్లగుడ్డలు, దిండు గలేబులు, రవికెల అంచులు మున్నగు వానిని సిద్ధము చేయుదురు.

పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ విద్య తల్లినుండి బిడ్డకు సంక్రమించి నేటికిని నిలిచియున్నది. ఇచ్చటి లేసు ఐరోపా, అమెరికా దేశములకు ఎగుమతి యగుచున్నది. 2024 లో నరసాపురపు లేసు అల్లికకు భౌగోళిక సూచిక లభించినది. అనగా ఈ వస్తువు ఈ ప్రాంతమునకు చెందినదే యని చట్టము గుర్తించినది.

ఇంతటి పేరుగల వస్తువు విలువ ఒక్కొక్కప్పుడు మిక్కిలి చిన్న విషయముపై ఆధారపడియుండును. ఒక దారము ముగిసి వేరొక దారము మొదలగు చోటు అట్టిది. తెల్లలేసు మాత్రమే అల్లు పనిలో దారపు ఉండ ముగిసినప్పుడే ఈ చిక్కు వచ్చును. రంగుల లేసులోనో, రంగు మారిన ప్రతిచోటను వచ్చును. ఆ చోట చేయి చక్కగా తిరిగినచో అతుకు కంటికి కనబడదు. తిరగనిచో దినముల తరబడి చేసిన పని తిరిగి ఇంటికి వచ్చును. ఆ విధాన మెట్టిదో గ్రామ పంచాయతీ సభ్యులకు తెలుపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సభ్యులకు ఈ సంగతులేల?

"ఇది స్త్రీలు ఇంట చేసికొను పని గదా, దీనితో పంచాయతీకి ఏమి సంబంధము?" అని కొందరు అడుగవచ్చును. 1993 లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు చెప్పబడినవి. వానిలో తొమ్మిదవది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. కావున లేసుపని బాగోగులు కనుగొనుట పంచాయతీ చేయదగిన పనియే.

మరియొక కారణము కూడ కలదు. లేసు వ్యాపారము పలువురి చేతుల మీదుగా నడచును. వ్యాపారి దారమిచ్చును; మధ్యవర్తి దానిని ఇండ్లకు చేర్చును; స్త్రీలు అల్లుదురు; మధ్యవర్తి తిరిగి తీసికొనిపోవును. పువ్వులు, బిళ్ళలు అల్లుటను చేతిపని యనియు, వానిని ఒకటిగా కూర్చుటను అతుకుపని యనియు అందురు. ఒకరు అల్లిన పువ్వును వేరొకరు అతుకుదురు. కూలి పనిని బట్టియే గాని గంటలను బట్టి కాదు. తప్పు ఎచ్చట జరిగినను అది తుదకు, సరకు పరీక్షింపబడునప్పుడు మాత్రమే బయటపడును. అప్పటికి ఆ పనిపై అనేక దినములు గడచియుండును. సరకు తిరిగివచ్చినచో నష్టము చాలవరకు అల్లిన ఆమెకే తగులును.

జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982 లో వెలువడినది. ఈ స్త్రీలు దినమునకు అనేక గంటలు పనిచేయుచుండగా, వారిని పనివారుగా గాక తీరిక వేళ గడుపు గృహిణులుగా ఎంచుట వలన వారి కూలి తక్కువగా నిలిచినదని ఆమె చూపినది. పని యొక్క లోతు తెలియనివారికి దాని వెల తెలియదు. మంచి అతుకు ఏది, చెడ్డ అతుకు ఏది, దానికి ఎంత కాలము పట్టును అని సభ్యులకు తెలిసినప్పుడే వారు ఆ స్త్రీల పక్షమున న్యాయముగా మాటాడగలరు.

ముడి ఏల కూడదు?

దారము తెగినను, ముగిసినను, రంగు మారినను మనకు వెంటనే తోచునది ముడి వేయుట. గోతాము కుట్టునప్పుడు ముడి చాలును. లేసునకు అది పనికిరాదు. ఇందుకు మూడు కారణములు కలవు.

మొదటిది: లేసు కన్నులు కన్నులుగా ఉండు అల్లిక. గుడ్డలోవలె ముడిని దాచుటకు దళసరి చోటు ఉండదు. నేడు వెనుకవైపునకు నెట్టిన ముడి రేపు కన్నులోనుండి పైవైపునకు వచ్చును.

రెండవది: లేసుకు వాడు నూలుదారము మెరుగు పెట్టినది, నున్ననిది. నున్నని దారమునకు వేసిన ముడి ఉతుకులో క్రమముగా జారును. జారినచో ఉచ్చు విడును. ఒక్క ఉచ్చు విడినచో దాని వెంటనున్నవియు వరుసగా విడనారంభించును.

మూడవది: ఇస్త్రీ చేసినప్పుడు ముడి గింజవలె ఉబ్బి కనబడును. సరకు పరీక్షించువాడు కంటితో చూచుటకు ముందే వ్రేలితో తడవి దీనిని పట్టుకొనును.

మిల్లునుండి వచ్చిన దారపు ఉండలోనే ఒక్కొక్కప్పుడు ముడి యుండును. అల్లుచుండగా అట్టి ముడి వచ్చినచో దానిని అట్లే అల్లివేయరాదు. ముడిని కత్తిరించి, అచ్చటినుండి దారమును కొత్తదారముగా ఎంచి, క్రింద చెప్పబోవు రీతిని కలుపవలెను.

ఉన్నిదారము కొసలను తడిపి అరచేతులలో నలిపినచో అవి ఒకదానితో నొకటి పెనగి అతుకుకొనును. ఈ పద్ధతి నూలుకు పనికిరాదు. నూలుపోగులు అట్లు పెనగుకొనవు.

రంగు మార్చు విధానము

ఇందులోని కిటుకంతయు ఒక్క మాటలో చెప్పవచ్చును. కొత్తరంగు కొత్తకుట్టుతో మొదలు కాదు. పాతకుట్టు చివరి లాగుడుతో మొదలగును.

లేసు అల్లికలో ఒక కుట్టు ముగిసిన పిదప సూదిపై ఒక ఉచ్చు మిగులును. ఆ ఉచ్చు చూచుటకు ముగిసిన కుట్టునకు చెందినట్లుండును గాని, నిజమునకు రాబోవు కుట్టునకు తలగా అమరును. కావున పాతరంగుతో కుట్టును పూర్తిగా ముగించి, తరువాతి కుట్టు మొదటనుండి కొత్తరంగు పట్టినచో, కొత్తకుట్టు తలపై పాతరంగు చుక్క యొకటి మిగిలిపోవును. నీలిరంగు వరుసలో తెల్లచుక్క, తెల్లవరుసలో ఎఱ్ఱచుక్క కనబడుట ఇందువలననే.

దీనికి చేయవలసిన దేమనగా: రంగు మారుటకు ముందున్న చివరి కుట్టును పాతదారముతో మొదలుపెట్టి, సూదిపై రెండు ఉచ్చులు మిగులు వరకు తీసికొనిరావలెను. అచ్చట ఆగి పాతదారమును వెనుకవైపునకు వదలవలెను. కొత్తదారమును, కొస నాలుగైదు అంగుళములు విడిచి, సూది కొక్కెమునకు తగిలించి, ఆ రెండు ఉచ్చులలోనుండియు ఒక్కమారు లాగవలెను. ఇప్పుడు సూదిపై మిగిలిన ఉచ్చు కొత్తరంగుది. తరువాతి కుట్టు దానితోనే సాగును. రెండు రంగుల నడుమ గీత గీచినట్లు సరిహద్దు ఏర్పడును. వరుస చివర రంగు మార్చునప్పుడును ఇంతే. వరుసలోని చివరి కుట్టు తుది లాగుడు కొత్తదారముతో జరిగిన తరువాత పనిని త్రిప్పవలెను.

లాగిన వెంటనే రెండు కొసలను మెల్లగా పట్టి, ఉచ్చు ప్రక్కనున్న ఉచ్చులంత పరిమాణమునకు వచ్చునట్లు సరిచేయవలెను. బిగువు ఎక్కువైనచో అచ్చట అల్లిక ముడుచుకొనును; తక్కువైనచో కన్ను పెద్దదగును.

కొసలు దాచుట

రంగు మారిన ప్రతిచోట రెండు కొసలు మిగులును: పాతదారపు కొస యొకటి, కొత్తదారపు కొస యొకటి. వీనిని దాచుటకు రెండు మార్గములు కలవు.

అల్లుచునే దాచుట మొదటి మార్గము. కొసను క్రింది వరుస తలపై పడుకొనబెట్టి, దానిని లోపల నుంచి ఆరేడు కుట్లు అల్లినచో కొస కుట్ల నడుమ ఇమిడిపోవును. కుట్లు దగ్గరగా నున్న చోట ఇది మేలైన పద్ధతి.

తుదిని సూదితో దాచుట రెండవ మార్గము. మొన మొద్దుబారిన సూదికి కొసను ఎక్కించి, వెనుకవైపున కుట్ల లోపలనుండి అంగుళమునకు తగ్గకుండ పోనిచ్చి, అచ్చట ఒక పోగును విడిచి, మరల వచ్చిన దిక్కునకే త్రిప్పవలెను. ఒకే దిక్కునకు పోనిచ్చిన కొస ఉతుకులో జారివచ్చును. వెనుకకు త్రిప్పినది నిలుచును. వలకన్ను మీదుగా కొసను ఎన్నడును దాటింపరాదు.

రెండు మార్గములలోను మరువరాని నియమ మొకటి కలదు. ఏ రంగు కొస ఆ రంగులోనే దాగవలెను. ఎఱ్ఱదారపు కొసను తెల్లకుట్లలో దాచినచో, పగటి వెలుతురులో ఎత్తిపట్టినప్పుడు తెలుపు లోపల ఎఱ్ఱనీడ కనబడును.

రెండు వరుసల కొకమారు రంగు మారు చారల పనిలో దారమును ప్రతిమారు కత్తిరింపక, అంచు వెంబడి పైకి తీసికొనిపోవచ్చును. ఆ దారమును బిగించినచో అంచు వంకర పోవును. చారలు వెడల్పైనప్పుడు కత్తిరించి కలుపుటయే మంచిది.

కొసలను పొట్టిగా కత్తిరించుట పొదుపని కొందరు తలంతురు. లెక్క చూడుడు. పండ్రెండు చారలు గల బల్లగుడ్డలో, ప్రతి చారకు మొదట నొకటి, చివర నొకటి చొప్పున 24 కొసలుండును. కొసకు 5 అంగుళముల చొప్పున 120 అంగుళములు, అనగా 10 అడుగుల దారము. ఇంతకంటె ఎక్కువ పొదుపు లేదు. దీనికై గుడ్డ యావత్తు చెడగొట్టుకొనుట ఎట్టి లెక్కయో ఆలోచింపుడు.

గుండ్రని పనిలో మెలకువ

పువ్వులు, బిళ్ళలు, గుండ్రని బల్లగుడ్డలు చుట్లు చుట్లుగా అల్లబడును. చుట్టు మొదలును చివరయు కలియు చోట మెట్టువంటి హెచ్చుతగ్గు కనబడుట సాధారణ దోషము. రంగు మారినచో అది ఇంకను స్పష్టముగా తెలియును.

చుట్టు ముగిసిన పిమ్మట పాతదారమును కత్తిరించి, కొసను చివరి ఉచ్చులోనుండి పైకి పూర్తిగా లాగవలెను. దానిని సూది కెక్కించి, చుట్టులోని రెండవ కుట్టు తల క్రిందుగా పోనిచ్చి, మరల చివరి కుట్టు తల నడిమికి దింపవలెను. అప్పుడు మొదటి కుట్టుపై కొత్తతల యొకటి ఏర్పడి, చుట్టు ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో తెలియకుండ పోవును. కొత్తరంగు చుట్టును అదేచోట గాక మరియొకచోట మొదలుపెట్టవలెను. ప్రతిచుట్టును ఒకేచోట మొదలుపెట్టినచో అతుకులన్నియు ఒక వరుసగా పేరి, గుడ్డపై మచ్చవలె కనబడును.

దారపు ఎన్నిక

చేతి నేర్పు ఎంత యున్నను దారము సరియైనది కానిచో ఫలము లేదు. కలుపు రెండు దారములును ఒకే లావు గలవై, ఒకే రకపు నూలుతో చేసినవై యుండవలెను. లేనిచో ఉతికిన పిదప ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా క్రుంగి, అల్లిక ఉబ్బును.

ఒకే రంగు, ఒకే సంఖ్యయైనను, వేర్వేరు అద్దకపు తడవలలో వచ్చిన దారములకు ఛాయాభేదముండును. దీపపు వెలుతురున ఈ భేదము తెలియదు. ఉండపై నుండు కాగితమును పారవేయక దాచి, పనికి కావలసిన దారమంతయు ఒకే తడవలోనిది తీసికొనవలెను.

ముదురు రంగును తెలుపుతో కలుపుటకు ముందు పరీక్ష చేయుట అవసరము. మూరెడు దారమును గోరువెచ్చని సబ్బునీటిలో తడిపి, తెల్లగుడ్డ మడతలో నుంచి అదిమి ఆరనీయవలెను. గుడ్డకు రంగు అంటినచో ఆ దారము తెలుపు ప్రక్కన పనికిరాదు. ఉప్పునీట నానవేసినచో రంగు గట్టిపడునను నమ్మకము కలదు. మిల్లులో అద్దిన దారమునకు అది పూచీ కాదు. అట్టి దారమును వ్యాపారికి తిరిగి ఇచ్చుటయే సరియైన పని. రంగు దిగుట దారపు దోషము గాని అల్లిన చేతి దోషము కాదు. ఈ భేదమును సభ్యులు ముఖ్యముగా గుర్తింపవలెను.

మంచి అతుకును గుర్తించుట

వివాదము వచ్చినప్పుడు సభ్యులు ఈ నాలుగు పరీక్షలు చేయవచ్చును. గుడ్డను రెండువైపుల త్రిప్పి చూడుడు; వెనుకవైపున కొసలు వ్రేలాడరాదు. కన్నులు మూసికొని అతుకుపై వ్రేలితో తడవుడు, గింజ తగులరాదు. వెలుతురునకు ఎత్తిపట్టుడు; ఒక రంగు లోపల వేరొక రంగు నీడ కనబడరాదు. అతుకునకు ఇరువైపుల పట్టి మెల్లగా అడ్డముగా సాగదీయుడు. కొస బయటికి రారాదు. ఈ నాలుగింటికిని నిలిచిన గుడ్డను అతుకు బాగులేదని త్రోసివేయుట న్యాయము కాదు. నిలువనిచో, ఏ చోట ఏ దోషమో ఆమెకు చూపి దిద్దించుట ధర్మము.

పంచాయతీ చేయదగిన పనులు

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని సామెత. సరకు తిరిగివచ్చిన పిదప తగవు తీర్చుటకంటె, తగవు రాకుండ చూచుట తేలిక.

గ్రామములో అతుకుపని యందు అందరును మెచ్చు స్త్రీ ఒకరైనను ఉండకపోరు. స్వయంసహాయక సంఘముల సమావేశ దినమున ఆమెచేత పైవిధానమును చూపింపవచ్చును. ఆనాటి కూలి ఆమెకు పోకుండ తగిన పారితోషికమిచ్చుట మరువరాదు. తెలిసిన చేతికి ఒక పూటలో నేర్పదగిన విద్య యిది. మంచి అతుకు, చెడ్డ అతుకు రెండింటిని అల్లించి, అట్టమీద కుట్టి, పంచాయతీ కార్యాలయమున వ్రేలాడదీసినచో, రానివారును చూచి నేర్చుకొందురు.

లేసుపని కంటిపని. వెలుతురు గల సామాజిక భవనమును మధ్యాహ్నములందు ఈ స్త్రీలకు తెరచి యుంచినచో కన్నులకు శ్రమ తగ్గును. గ్రామమునకు కంటి వైద్య శిబిరము వచ్చినప్పుడు వీరిని ముందుగా పంపవలెను.

పని ఇచ్చునప్పుడే ప్రతి స్త్రీ యొద్దను ఒక పుస్తకమున దారపు సంఖ్య, తూకము, తేదీ, ఒప్పుకొన్న కూలి వ్రాయించుట మంచిది. సరకు తిరిగివచ్చినచో కారణమును ఆ పుస్తకముననే వ్రాయవలెనని మధ్యవర్తులను కోరవలెను. వ్రాత యున్నచోట వాదము తగ్గును.

రంగుపనికి కూలి కుదుర్చునప్పుడు కొసలు దాచు కాలమును గూడ లెక్కింపవలెను. పైన చెప్పిన బల్లగుడ్డలో కొసకు రెండేసి నిమిషములే పట్టినను, 24 కొసలకు 48 నిమిషములు. ఒంటిరంగు గుడ్డలో ఈ శ్రమ చాలవరకు లేదు. రెండింటికిని ఒకే కూలి యిచ్చుట, ఆ 48 నిమిషములను ఆమెచేత ఉచితముగా చేయించుకొనుటయే యగును. తొందరలో ముడివేయు అలవాటు పుట్టుట కిదియు ఒక కారణమని గ్రహింపవలెను.

కేంద్ర జౌళి మంత్రిత్వశాఖకు చెందిన హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయము హస్తకళాకారులకు 'పహచాన్' అను గుర్తింపు కార్డు నిచ్చుచున్నది. అర్హులైన వారిచేత దరఖాస్తు చేయించుటలో సభ్యులు తోడ్పడవచ్చును. ఆ కార్డు చేతనున్న స్త్రీని తీరిక వేళ గడుపునదిగా గాక పనివారుగా లోకము ఎంచును. భౌగోళిక సూచిక విషయమునను ఇట్లే. 1999 నాటి చట్టము ప్రకారము, ఆ పేరును వాడుకొను హక్కు కొరకు ఉత్పత్తిదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు కావలెను. పేరు వచ్చినంతనే దాని లాభము ఇంటికి రాదు. నమోదైన సంఘము ద్వారా పోయినచో అల్లిన చేతికి అది చేరుటకు మార్గమేర్పడును.

అతుకు చక్కగా వేసిన స్త్రీ తన పనితనమును తానే కనబడకుండ చేయుచున్నది. ఆ నేర్పు ఎంత గొప్పదో, దానిని చూపి కూలి అడుగుట అంత కష్టము. కనబడని ఆ శ్రమను కనుగొని, దానికి తగిన వెల కట్టించు బాధ్యత గ్రామము మేలు కోరు పంచాయతీ సభ్యులపై నున్నదని మేము మనవి చేయుచున్నాము.